పదహారు జీబీల దర్జా

"ఎనిమిది జీబీ గ్రాఫిక్స్ కార్డుతో బతికేవాడు ఈ రోజుల్లో మనిషే కాదు," అన్నాడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు.

రోజంతా జనానికి కార్లు నేర్పి, ఇంటికొచ్చి కంప్యూటర్లో మళ్ళీ కార్లే నడుపుతాడాయన. స్క్రీన్ మీద బొమ్మలు చూపించే ఆ కార్డుకి మెమరీ చాలక, కొత్త ఆటలో రోడ్డు పక్క చెట్ల ఆకులు మసకగా కనిపిస్తున్నాయి. సంసారంలో ఇంతకన్నా పెద్ద కష్టం ఏముంటుంది?

"ఇదే కార్డు పదహారు జీబీతోనూ వస్తుంది. మెమరీ ఒక్కటే తేడా. కొత్తదైతే ధర మండిపోతోంది. మనది అమ్మేసి, సెకండ్‌హ్యాండ్‌లో పదహారుది కొంటాను. తక్కువపడితే వాషింగ్ మెషీన్ డబ్బు ఉందిగా!"

"ఉందండీ. ఉతకాల్సిన బట్టలూ ఉన్నాయి," అంది భార్య, బకెట్ ఎత్తుతూ.

అమ్మకంలో ఆమె చెయ్యి కూడా పడింది. పాత టూత్‌బ్రష్‌తో కార్డు దుమ్మంతా దులిపింది. అంచున రంగు లేచిపోయిన చోట, ఆయన పోరు పడలేక, తన వంగపండు రంగు నెయిల్ పాలిష్ పూసింది. కొనడానికి వచ్చిన కళ్ళజోడాయన బేరమైనా ఆడకుండా పట్టుకెళ్ళాడు.

"పాపం, అమాయకుడు!" మాస్టారు తలుపు వేసి మరీ నవ్వాడు.

రెండు వారాలు ఫోన్లో గాలించి, సగం ధరకే పదహారు జీబీది పట్టాడు. వాషింగ్ మెషీన్ డబ్బు అటు వెళ్ళిపోయింది.

"బావా, జాగ్రత్త," అన్నాడు బావమరిది. "లోపల ఎనిమిదే ఉన్నా, స్క్రీన్ మీద పదహారని చూపించేలా మార్చి అమ్ముతున్నారట."

"ఒరేయ్, నన్ను ముంచేవాడు ఇంకా పుట్టలేదురా!"

కొరియర్ వచ్చింది. అట్టపెట్టె చింపి, ఆత్రంగా కార్డు బిగించి, స్క్రీన్ ముందు కూలబడ్డాడు. పదహారు! అక్షరాలా పదహారు!

"ఏమోయ్, ఇటురా! ఆకులు చూడు, ఈనెలతో సహా కనిపిస్తున్నాయి!"

ఆమె సబ్బు చేతులతోనే వచ్చింది. ఆకులు ఆమెకి మునుపటిలాగే కనిపించాయి. సరేలే, డబ్బు పోసినవాళ్ళ కళ్ళు వేరు.

"ఇన్నాళ్ళూ ఆ డొక్కు కార్డుతో ఎలా వేగానో!" అన్నాడు మాస్టారు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే.

చింపి పారేసిన పెట్టె తియ్యడానికి వంగిన ఆమెకి, కంప్యూటర్ గాజు తలుపు వెనక, కొత్త కార్డు అంచున, తన వంగపండు రంగు నెయిల్ పాలిష్ కనిపించింది.