కింద చూడమనే గుర్తు

ఏలూరు నుంచి ఆఫీసరు గారు పదకొండింటికి వస్తారని కబురు. పదింటికే ఒక ముసలాయన బడి గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

తెల్ల గడ్డం, ఎగగట్టిన లుంగీ, చేతిలో గొడుగు.

పేరు బాజీ అన్నాడు. తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గర ఉంటున్నాడట. ఊరికే ఒకసారి బడి చూసిపోదామని వచ్చాడట.

జ్యోత్స్న టీచరుకి ఉద్యోగంలో ఇది మొదటి తనిఖీ. తెల్లారిన దగ్గర్నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. ఇవాళ కుదరదండీ అని మర్యాదగానే చెప్పింది.

"అలాగేనమ్మా. కాసిని మంచినీళ్లిప్పించండి."

కొల్లేటి ఊరు. చుట్టూ నీళ్లే. తాగేవి మాత్రం డబ్బాల్లో రావాలి. ఆ పూట వచ్చింది ఒక్కటే డబ్బా. మూత కూడా తియ్యలేదు.

"అది ఆఫీసరు గారి కోసమండి. అవతల టీ కొట్టులో అడగండి తాతగారూ."

ఆయన ఏమీ అనుకోలేదు. వరండా గోడకున్న రాతి పలక ముందు కాసేపు నిలబడి, తనలో తను నవ్వుకున్నాడు.

బడి తెరిచిననాటి పలక అది. పైన పెద్దల పేర్లు, నడుమ 'ఈ స్థలమున' అన్న మాట పక్కన చిన్న నక్షత్రం. మిషను బడి కాబట్టి అది బేత్లెహేము నక్షత్రమేనని ఊళ్లో అందరి నమ్మకం. ఏటా క్రిస్మస్‌కి దానికి బంగారు రంగు పూస్తారు. గోడకి సున్నం కొడుతూ పలక అడుగున కూడా ఒక చెయ్యి వేసేస్తారు.

నాలుగో తరగతి కెజియా తన సీసా తీసుకెళ్లి ఆయనకిచ్చింది. గటగటా తాగేశాడు. చుక్క మిగల్లేదు.

ఏం చదువుతున్నావని అడిగాడు. గుర్తుల పాఠమంది. కామా దగ్గర కాస్త ఆగాలి, ప్రశ్న గుర్తుంటే జవాబు చెప్పాలి. ఈ నక్షత్రం గుర్తే ఎంతకీ బుర్రకెక్కడం లేదు. ఆఫీసరు గారు సరిగ్గా అదే అడుగుతారని దాని భయం.

"నాకు చదువు రాదమ్మా. ఆ ఒక్క గుర్తే తెలుసు," అన్నాడు బాజీ. "పైన చోటు చాలని మాట ఒకటుంటుంది. దాన్ని అడుగున రాస్తారు. పైన నక్షత్రం పెట్టి, కింద చూడవయ్యా అంటారు. అడుగున మళ్లీ అదే నక్షత్రం ఉంటుంది. రెండూ కలిపి చదువుకోవాలి."

జ్యోత్స్న కెజియాను లోపలికి కేకేసింది. ముసలాయన గొడుగు విప్పుకుని వెళ్లి గుండుగొలను ఆటో ఎక్కేశాడు.

ఆఫీసరు గారు రానే వచ్చారు. కెజియాను అడగనే అడిగారు. విన్నది విన్నట్టు చెప్పేసింది. సబ్బు ప్రకటనలో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' పక్కన ఆ గుర్తుంటే, అసలు సంగతి అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంటుందండి అని సొంతంగా కూడా కలిపింది.

ఆయన పడీపడీ నవ్వారు. జ్యోత్స్న ఊపిరి పీల్చుకుంది.

వెళ్తూ వెళ్తూ ఆయన వరండాలో పలక దగ్గర ఆగారు.

"మరి ఈ నక్షత్రం కింద ఏముందమ్మా?"

"సున్నమండి," అంది కెజియా.

ఇంకేముంది, పిల్లలందరూ స్కేళ్లు పట్టుకుని ఎగబడ్డారు. నలభై ఏళ్ల సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. జ్యోత్స్న తనే డబ్బా మూత తీసి, ఆఫీసరు గారి నీళ్లతోనే పలక కడిగింది.

అడుగున రెండో నక్షత్రం బయటపడింది. దాని పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టి కెజియా కూడబలుక్కుని చదివింది.

"ఈ పది సెంట్ల భూమి పడవ నడుపు షేక్ బాజీ గారు ఇచ్చినది, ప్రతిఫలమేమని అడుగగా, ఎప్పుడు వచ్చినను గ్లాసెడు మంచినీళ్లు ఇచ్చిన చాలునన్నారు."