దేవుడి కోడి

అదే కోడిని మూడోసారి అమ్ముతున్నారు.

తిరుమలగిరిలోని ఆ చిన్న చర్చిలో కోతపండుగ. ఆరాధన అయ్యాక కానుకల వేలం. కోడిని పాడుకున్నవాడు ఇంటికి తీసుకుపోడు. మైకు పుచ్చుకొని నాలుగు మాటలు సాక్ష్యం చెప్పి, కోడిని తిరిగి దేవుడికే ఇచ్చేస్తాడు. మళ్లీ పాట మొదలు.

"మన్యంలో సువార్త పనికి, ప్రియులారా! చేతులు ముడుచుకోకండి!"

పాస్టరు దేవానందం అయ్యగారు కోడిని కాళ్లు పట్టి పైకెత్తారు.

వెనక బెంచీలో జకర్యా పళ్లు కొరికాడు.

రైల్వేలో ఫిట్టరుగా రిటైరై మౌలాలిలో ఒంటరిగా ఉంటున్నాడు. భార్య ప్రేమమణి పోయిన రోజు, బాకీ చందా కట్టేదాకా సమాధుల తోట గేటు తెరవనివ్వలేదు ఈ అయ్యగారే. శవపేటిక ఎండలో ఉంది. జకర్యా ఆ ఎండను మరిచిపోలేదు.

మన్యం డబ్బు అయ్యగారే తింటున్నాడని నలుగురిలో అన్నాడు. సంఘపెద్దలు గడువు పెట్టారు. కోతపండుగ నాటికి సాక్షిని తేవాలి. తేకపోతే సంఘంలోంచి పేరు కొట్టేస్తారు. పేరు లేనివాడికి తోటలో చోటు లేదు. ప్రేమమణి పక్కన ఉంచుకున్న ఆరడుగులూ ఇంకెవరికో పోతాయి.

గడువు ఈ మధ్యాహ్నమే. సాక్షి దొరకలేదు.

పక్కన ఎవరో ముసలాయన వచ్చి కూర్చున్నాడు. కొత్త చొక్కా. మడతలు కూడా పోలేదు.

"ఈ డబ్బంతా మన్యానికేనా బాబూ?"

"మన్యానికే. మా అయ్యగారి కారు డిక్కీలో ఉంది లెండి మన్యం."

ముసలాయన నవ్వలేదు.

"ఏటేటా చేస్తారా?"

"ఎనిమిదేళ్ల నుంచి."

"ఎవరూ అడగరా?"

"అడిగితే గెంటుతారు. ఇక్కడ కోడిని పాడినోడికే మైకు. పాడే స్తోమత ఉన్నోడికి అడిగే బుద్ధుండదు."

ముసలాయన తలూపాడు.

"కామరాజు గారు ఎనిమిది వందలు! ఒకటోసారి..."

"తొమ్మిది," అంటూ ముసలాయన లేచాడు.

అందరూ వెనక్కి తిరిగారు. కాంట్రాక్టరు కామరాజుకు పౌరుషం వచ్చింది.

"వెయ్యి!"

"పదకొండు వందలు."

జకర్యాకు నెత్తురు మరిగింది. ఇంతసేపూ కూపీ లాగింది అయ్యగారి మనిషా! తన నోట నాలుగు మాటలు అనిపించి, ఇప్పుడు లేచి పాట పెంచుతున్నాడా! ఆ చొక్కా ఎవరు కొనిచ్చారో తెలుస్తూనే ఉంది.

"ఆపండి!" బెంచీ మీద గుద్దాడు. "వీడు అయ్యగారు పెట్టుకున్న దొంగ పాటగాడు! కోడికి రేటు పెంచడానికి తెచ్చుకున్నాడు!"

"ఏందీ లొల్లి?" ముందు బెంచీల్లోంచి ఎవరో అన్నారు.

"ఎవరు తాతా నువ్వు? మెంబరువేనా?" ఇంకొకరు ముసలాయన్ని అడిగారు.

ముసలాయన తడబడ్డాడు. "నేను... ఆ మైకు ఒక్కసారి..."

"మైకు కావాలంట!" జకర్యా అరిచాడు. "కూలి డబ్బులు కూడా మైకులోనే అడుగుతావా?"

కొందరు నవ్వారు.

అయ్యగారు అప్పుడు ముసలాయన మొహంలోకి సరిగ్గా చూశారు. కోడి ఆయన చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

"ఆయనెవరో నేనెరగను," అన్నారు గబగబా. "జకర్యా గారు అన్నట్టు ఇది దొంగ పాటే. దేవుని మందిరంలో ఇవి కూడవు. బయటికి పంపండి."

ఎనిమిదేళ్లలో అయ్యగారు జకర్యా మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ముసలాయన రెక్క పట్టి గుమ్మం దాకా ఈడ్చింది కూడా జకర్యానే.

మధ్యాహ్నం పెద్దలు పిలిచారు.

"సాక్షి ఏడి జకర్యా?"

"లేడు."

పేరు కొట్టేశారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు. జకర్యా కళ్లు మూసుకోలేదు.

బయట ప్రేమవిందుకు విస్తళ్లు వేస్తున్న జ్ఞానమణి అతన్ని ఆపింది.

"అన్నా, ఆ పెద్దాయన తినకుండనే పోయిండేంది? బుక్కెడు తిని పొమ్మంటే సుత ఇనలే."

"దొంగలకు విందెందుకు?"

"దొంగనా? ఏం మాటలన్నా గవి? పొద్దుగాల నల్ల కాడ మొహం కడుక్కుంట నాతోని ఎంత మంచిగ మాట్లాడిండు! మేకల్ని అమ్ముకొని బండెక్కిండట, పాపం."

జకర్యా ఆగాడు. "ఎక్కడివాడంట?"

"పాడేరు అవతల కొండల మీదికెల్లి."

"ఏడీ? ఎటు పోయాడు?"

"టేషన్ బస్సెక్కి ఎప్పుడో పోయిండు. విశాఖ బండి సుత ఎల్లిపోయే ఉంటది."

విస్తరి మీద నీళ్లు చల్లుతూ జ్ఞానమణి మామూలుగా అంది.

"మన్యంల మన సంఘం పెట్టిన సువార్తికుడు ఆయనేనట అన్నా, ఎనిమిదేండ్ల సంది ఒక్క పైస రాలేదు, మనోళ్లు మర్సిపోయిండ్రేమో అడుగుదామని వచ్చిండట."