ఐదు వరుసల పట్టిక

"ఈ అంకెలు సగానికి తగ్గించి తీసుకురండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు కార్యదర్శి.

కిటికీలు మూసిన గది. ఏసీ చలికి ఒకరిద్దరు కోట్లు వేసుకునే కూర్చున్నారు. బల్ల చుట్టూ ఐదు శాఖల అధికారులు. తెర మీద ఒకే పట్టిక, ఐదు వరుసలు.

తెర పక్కన నిలబడ్డ ఆమెను ప్రణాళికా విభాగంలో అందరూ జాతకాల మేడమ్ అంటారు. కరెంటు, నీళ్లు, బస్సులు, ఇళ్లు, ఆస్పత్రులు ముందు ముందు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో దేశం మొత్తానికీ కలిపి లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా అదే పని.

"నదిలో నీళ్లు తగ్గితే విద్యుత్ కేంద్రాన్ని చల్లబరచలేం సార్" అందామె. "కేంద్రం ఆగితే నీళ్ల పంపులు ఆగుతాయి. అదే సాయంత్రం కరెంటు బస్సులన్నీ ఛార్జింగుకి వస్తాయి. రేకుల ఇళ్లలో ఫ్యాన్లు ఆగిపోతాయి. దేనికది చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. కలిపి చూస్తేనే ఈ చివరి వరుస కనిపిస్తుంది."

చివరి వరుసలో ఇలా ఉంది: వేడికి ఇళ్లలోనే మరణాలు, 3,112.

విద్యుత్ అధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. "మా వరుసతో నాకు పేచీ లేదు. రోజుకి పదకొండు గంటల కోత, అదీ పాత కాలనీల్లో, వారం పాటు. ఉండొచ్చు. కానీ నది మరీ అంత ఎండిపోవడం ఏంటండీ?"

"నది సంగతి నన్నడగండి, ఆ మట్టం సరైందే" అన్నాడు నీటి శాఖాయన. "పదకొండు గంటల కోతే నమ్మశక్యంగా లేదు. మా క్వార్టర్సులో పది నిమిషాలు పోతేనే గొప్ప."

రవాణా ఆయనకి బస్సుల లెక్క నచ్చింది, రేకుల ఇళ్ల లెక్క నచ్చలేదు. గృహనిర్మాణం ఆయనకి బస్సుల లెక్కే మింగుడుపడలేదు.

ఆరోగ్య శాఖ ఆవిడ తలెత్తకుండానే అంది. "మూడు వేలు ఏమంత కాదు. గుండె జబ్బు కింద రాసుకుంటాం. నా అభ్యంతరం మిగతా నాలుగింటి మీద."

కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారా మేడమ్? మీ జాతకంలో శని అన్ని ఇళ్లలోనూ ఒకేసారి కూర్చున్నాడు. ఇదంతా ఏ ఇరవై ఏళ్లకో మాట్లాడుకోవాల్సిన మాట."

"సార్, అది..."

నవ్వుల్లో ఆ మాట కలిసిపోయింది. ఆమె తెర మీది పట్టిక వైపు వేలు చూపించింది.

"తగ్గిస్తాను సార్. ఎవరి వరుసలో తగ్గించమంటారు?"

"మాది కాదు" అన్నారు ఐదుగురూ, ఇంచుమించు ఒకేసారి.

కార్యదర్శి గడియారం చూసుకుని లేచాడు. "నివేదికలో ఏ శాఖ అధ్యాయం ఆ శాఖకి ఇచ్చేయండి. ఎవరిది వాళ్లు చూసుకుంటారు."

రిటైర్మెంటుకి దగ్గరపడ్డ అటెండరు నివేదిక ముందు వేసుకుని పిన్ను పీకాడు. అది మొండికేసింది. గోరు విరిగాక ఊడింది. తొమ్మిదేళ్ల పని ఐదు దొంతరలై ఐదు చేతుల్లోకి వెళ్లిపోయింది. గది ఖాళీ అయింది.

ఆమె మెట్ల దగ్గరికి వచ్చేసరికి అటెండరు వెనకాలే వచ్చాడు. చేతిలో పట్టిక ఉన్న కాగితం.

"ఇది ఎవరి వాటాలోకీ రాలేదమ్మా."

ఆమె అందుకోలేదు. ఆయన దాన్ని ఎగాదిగా చూశాడు.

"ముందే చెప్పేవాళ్లుంటే జాగ్రత్తపడాలి గానీ, ఇలా నవ్వుతారా? పైన ఏ సంవత్సరమో వేయడం మరిచిపోయినట్టున్నారు."

"మరిచిపోలేదు బాబాయ్. ఐదుగురిలో ఒక్కరైనా గుర్తుపడతారేమోనని చూశాను" అంటూ ఆమె రెయిలింగు పట్టుకుని రెండు మెట్లు దిగింది. "ఇవి పోయిన వేసవిలో జరిగినవాటికి ఆ శాఖలే దేనికది మాకు పంపిన లెక్కలు, ఆ మూడు వేల నూట పన్నెండు మందిలో మా నాన్న కూడా ఉన్నారు."