దొరసాని ఒప్పుకుంటేనే పెళ్లి

"ముందు మేకను ఒప్పించు. పిల్ల సంగతి తర్వాత," అన్నాడు ఇంటాయన, దొడ్లో పలుపు బిగించి పట్టుకుని.

ఆ పలుపు చివర ఉన్నది దొరసాని అనే తెల్లమేక. తల్లి చచ్చిపోతే ఇల్లాలు సీసాతో పాలు పట్టి పెంచింది. కన్నకూతురి మాటైనా కాదంటుందేమో గానీ ఆవిడ దొరసాని మాట కాదనదు. ఇంతకుముందు సంబంధానికి వచ్చిన దర్జీ, మందులషాపాయన ఆకు పెడితే అది మూతి తిప్పేసుకుంది. రెండు సంబంధాలూ ఆ పూటే తప్పిపోయాయి.

ఇప్పుడొచ్చినవాడు బస్సు డ్రైవరు. పిల్ల మనసు పడినవాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ఆ పిల్ల చున్నీ కొస నమిలేస్తోంది.

"బస్సు నడిపేవాడు ఇంటిపట్టున ఏం ఉంటాడండీ?" గొణిగింది ఇల్లాలు.

"ఉండడు. అయినా దొరసాని ఉండగా నీకెందుకే బెంగ? దీని అమ్మమ్మ ఒక మంత్రి చేతి ఆకు వద్దంది. ఆయన ఆ ఏడే ఓడిపోయాడు."

"కిందటిసారి కలెక్టరన్నారు?"

"కలెక్టరు చేశాకే మంత్రి అయ్యాడులే!"

మేక మళ్లీ అరిచింది.

"పొద్దుటినుంచీ ఒకటే అరుపు. మేత పెట్టారా?"

"ఆ ఇద్దరూ వచ్చిన రోజు పెట్టినట్టే పొట్ట పగిలేట్టు పెట్టాను. కొత్తమనిషి వాసన పడట్లేదు దానికి."

డ్రైవరు ముఖం పాలిపోయింది. గబగబా వేపకొమ్మ విరిచి మేక ముందు పడేశాడు. మేక ముందుకు దూకబోయింది. ఇంటాయన పలుపు ఒక్క లాగు లాగాడు.

"నేల మీది ఆకు తినడానికి ఇదేమన్నా గొర్రె అనుకున్నావా? చెట్టు మీద మేసినట్టు తలెత్తి తినాలి. అదీ ఒట్టి వేపాకేనా? కంచెలో రేగు ఉంది, వెనక మేడి ఉంది. బద్ధకమా?"

డ్రైవరు చొక్కా చేతులు మడిచి రేగుపొదలో దూరాడు. ముళ్లు గీరుకుపోయాయి. మేడిచెట్టెక్కి లేత రెమ్మలు కోశాడు. అన్నీ కలిపి కట్టగట్టి, పందిరి రాటకు దొరసాని తలకన్నా ఎత్తున వేలాడదీశాడు.

"అయ్యో, రక్తం వస్తోంది బాబూ!" ఇల్లాలు నోరు జారింది.

"నువ్వు జాలిపడకు. దొరసాని ఏమంటుందో చూడు," అంటూ పలుపు వదిలాడు ఇంటాయన.

దొరసాని ముందుకాళ్లు ఎత్తి కట్ట మీద పడింది. రేగూ మేడీ అని చూడలేదు. రెమ్మలు అయ్యాక కట్టిన తాడు, తాడు అయ్యాక డ్రైవరు చొక్కా జేబు!

"నా తల్లే! నా చేత్తో పెట్టినా ఇంత ఇష్టంగా తినలేదు," ఇల్లాలు కళ్లు తుడుచుకుంది. "చూస్తారేంటండీ? అల్లుణ్ని లోపలికి రమ్మనండి!"

"అంత తొందరేంటే? రోడ్ల మీద తిరిగే మనిషి..."

"మీరు నోరు మూసుకోండి. దొరసాని తీర్పే తీర్పు!"

కిటికీలోంచి నవ్వు గలగలమంది. అంతా లోపలికి నడిచారు. ఇంటాయన మాత్రం వెనకబడి, రేగుకొమ్మలు ఇంకో మోపు తెచ్చి వేలాడదీసి, దొరసాని చెవిలో గుసగుసలాడాడు.

"ఇవాళ నిన్ను పస్తుంచానని మీ అమ్మకు చెప్పకేం!"