మెంగ్ అన్నదెవరు, కోంగ్ అన్నదెవరు

"వినండి బాబాయ్‌గారూ, ఇదే!" అంటూ సొను హేరాన్ ల్యాప్‌టాప్ మీట నొక్కింది.

"మెంగ్," అంది ఒక గొంతు.

"కోంగ్," అని బదులిచ్చింది ఇంకొకటి.

బార్లీ టీ తాగబోతున్న ప్యో గాప్‌సొక్ గ్లాసు కింద పెట్టేశాడు. పెనం మీద మినారి అట్టు తిప్పుతున్న అతని భార్య బున్నే తలెత్తలేదు.

ఇంటి వెనక చిత్తడి నేలను పూడ్చి గోదాము కడతామని ఒక కంపెనీ కొలతలు కూడా వేసుకుపోయింది. అది పూడితే గాప్‌సొక్ మినారి మడికి నీళ్లుండవు. ఇరవై ఏళ్లుగా ఆ ఆకుకూరే వాళ్లకి అన్నం పెడుతోంది. అయితే అక్కడ చట్టం కాపాడే అరుదైన మెంగ్‌కోంగ్ కప్పలున్నాయని తేలితే ఇక ఎవరూ తట్ట మట్టి వెయ్యడానికి వీల్లేదు. వానల్లో తప్ప నేలలోంచి బయటికి రాని ఆ కప్పలు ఉన్నాయో లేదో తేల్చడానికే, సర్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన హేరాన్ వారం కిందట వచ్చి, రెల్లు పొదలో రికార్డరు పెట్టె కట్టి వెళ్లింది, బుధవారం మళ్లీ వచ్చి చూసుకుంది.

"ఒకే కప్ప 'మెంగ్‌కోంగ్' అంటుందనుకుంటారు అందరూ. కాదు పిన్నిగారూ, ఒకటి మెంగ్ అంటే పక్కది కోంగ్ అంటుంది. వేషాలేసేవాడైతే ఒక్కడే రెండూ అనేసి దొరికిపోతాడు. ఇవి రెండు వేరే గొంతులు!" హేరాన్ సంబరంగా ముద్ర బయటికి తీసింది. "ఇదే నా మొదటి నివేదిక. తప్పని తేలితే ఉద్యోగం ఊడుతుంది. అయినా ఇందులో తప్పేముందిలెండి."

ఆ పిల్ల ముద్రకు ఎర్రసిరా అద్దుతుంటే గాప్‌సొక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మాయ్! ఆ మెంగ్ నేనే."

"ఏంటీ?"

"మంగళవారం పొద్దున మడి చూసొస్తానని చెప్పి, గట్టున గొంతుక్కూచుని అరిచాను. ఒక్క మెంగే అన్నాను, ఆపాటి నాకూ తెలుసు. కానీ ఒట్టు, కోంగ్ అన్నది మాత్రం నిజం కప్పే! ఆనందంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయనుకో."

అట్టు మాడుతున్న వాసన వచ్చింది.

"ఆ కప్ప నేనేనయ్యా," అంది బున్నే.

"జుట్టు ఉంగరాలు తిప్పించుకోడానికి వెళ్తున్నానన్నావు కదే!"

"నువ్వు మడి చూడ్డానికన్నావు కదా! రెల్లు చాటున వానలో తడుస్తూ, నిజం కప్ప పలికిందని మురిసిపోయాను. తీరా చూస్తే నువ్వా!"

"మన పెళ్లయ్యాక నేనన్న మాటకి నువ్వు సరిగ్గా బదులిచ్చింది ఆ ఒక్క పూటే."

బున్నేకి నవ్వొచ్చింది గానీ, కిటికీలోంచి పచ్చగా కనిపిస్తున్న మడిని చూడగానే ఆగిపోయింది. గాప్‌సొక్ తల దించుకున్నాడు.

"ముద్ర దాచుకో అమ్మాయ్. మడి పోతే పోయింది, నీ పొట్ట కొట్టలేం."

హేరాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆ ఒక్క రోజేనా మీరు వెళ్లింది?"

"ఒక్క రోజే. మర్నాటికి ఇద్దరికీ గొంతులు పోయాయి," అన్నాడు గాప్‌సొక్.

హేరాన్ కాగితం మీద ముద్ర గట్టిగా వేసి, తీరిగ్గా అట్టు తుంచుకుంది.

"మంగళవారం ఆ పెట్టెలో బ్యాటరీలే లేవు బాబాయ్‌గారూ."