దించిన చెయ్యి

మేనల్లుడి చెంప ఛెళ్లుమంది.

"నువ్వెంత కొట్టినా ఆ ఎత్తు మాత్రం వెయ్యను మావయ్యా" అన్నాడు వాడు, చెంపయినా తడుముకోకుండా.

కొట్టినవాడు బాక్సింగ్ మాస్టారు. తల్లి పోయినప్పటినుంచీ వాణ్ని పెంచిందీ ఆయనే, ఆట నేర్పిందీ ఆయనే. ఆయనకు రింగు భాష తప్ప మరోటి రాదు. పొద్దున్నే వాణ్ని నిద్ర లేపాలన్నా మంచం పక్కన నిలబడి ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేవాడు. ప్రేమొచ్చినా కోపమొచ్చినా ముందు చెయ్యే లేచేది.

ఆ ఎత్తుకి ఆయన పెట్టుకున్న పేరు 'ఎర'. ఎడమ చెయ్యి నడుము దాకా వేలాడేసి, మూతి ఓ పక్కకి పెట్టి నవ్వాలి. వీడి పని అయిపోయిందనుకుని ఎదుటివాడు మీదికొస్తాడు. అప్పుడు కుడిచేత్తో వాడి దవడ పగలగొట్టాలి.

అది ఆయన సొంత సరుకు కాదు. ఓ పరాయి ఊరి పోటీలో, ఈ మేనల్లుడికే ఎదురు నిలబడ్డ సన్నపాటి కుర్రాడి దగ్గర చూసి పట్టేశాడు. ఆ కుర్రాడు చెయ్యి దించి నవ్వాడు. "ఎర వేస్తున్నాడు, వాడికి సందివ్వకు, కొట్టు" అని మాస్టారు అరిచాడు. వీడు కొట్టాడు, వాడు పడ్డాడు. కప్పు చంకన పెట్టుకుని మామా మేనల్లుళ్లు ఆ సాయంత్రమే బస్సెక్కేశారు.

"ఎత్తు మంచిదేరా. వాడికే వాడుకోవడం చేతకాలేదు" అన్నాడు మాస్టారు దారిలో.

తర్వాత జిమ్ములో అందరికీ నేర్పాడు. అందరూ నేర్చుకున్నారు, మేనల్లుడు తప్ప.

"ఎందుకు వెయ్యవో చెప్పి చావు."

వాడు రింగు చుట్టూ చేరిన జనంకేసి చూశాడు. "గొడుగాయన వచ్చారా?" అని అడిగాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. కొన్నాళ్లుగా వీడి ప్రతి పోటీకీ వస్తున్నాడా ముసలాయన. ఎండైనా వానైనా చంకలో గొడుగు. ముందు వరసలో కూర్చుంటాడు. చప్పట్లు కొట్టడు, ఈల వెయ్యడు. మేనల్లుడి చేతులకేసి మాత్రం రెప్ప వాల్చకుండా చూస్తాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన. మాస్టారికి కొత్తవాడెవడు కనిపించినా అవతలి జిమ్ము మనిషే.

"వాడు గూఢచారిరా. నీ లోపాలన్నీ కనిపెట్టి వాళ్లకి మోస్తున్నాడు. ఏదో రోజు వాడి కాళ్లు విరగ్గొడతాను."

"ఆయన జోలికెళ్లకు మావయ్యా."

గంట మోగింది.

ఆ రోజు ఎదురుపడ్డవాడు దున్నపోతులా ఉన్నాడు. రాగానే మేనల్లుడి కనుబొమ్మ చీల్చాడు. తర్వాతి రౌండులో కణత మీద ఒక్కటిస్తే నోట్లోని రక్తం తాళ్ల మీద చిందింది. "చంపెయ్, చంపెయ్" అని జనం కేకలు. అక్కడ ఆ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు కూడా అరుస్తున్నారు.

అప్పుడు మేనల్లుడి ఎడమ చెయ్యి మెల్లగా నడుము దాకా దిగింది. మూతి ఓ పక్కకి జరిగింది.

మాస్టారి గుండె పొంగిపోయింది. ఇన్నాళ్లకు వాడు మాట విన్నాడు. ఆయన ఎర సంగతి రెఫరీకీ తెలుసు, అందుకే ఆట ఆపలేదు.

"తొందరపడకు. దగ్గరికి రానీ" అని అరిచాడు మాస్టారు.

గొడుగాయన లేచాడు. తాళ్ల మధ్యనుంచి దూరి, దున్నపోతు ముఖాన గొడుగు విరిగేలా ఒక్కటిచ్చాడు. మేనల్లుణ్ని కింద పడేసి, వాడి తల రెండు చేతులతో చుట్టేసి, మీద బోర్లా పడుకున్నాడు.

"ఆపండి" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

మాస్టారు రింగులోకి దూకాడు. జుట్టు పట్టుకుని గుంజాడు. డొక్కలో గుద్దాడు. ఆయన వదల్లేదు. మళ్లీ గుద్దాడు. లోపల ఎముక విరిగిన సంగతి పిడికిలికి తెలిసింది. అయినా ఇంకోటి గుద్దాడు. జిమ్ము కుర్రాళ్లూ జనమూ ఎగబడి తలో చెయ్యీ వేశారు, తలో కాలూ వేశారు. గొడుగాయన ఒక్క దెబ్బ తిరిగి కొట్టలేదు. కుర్రాడి తల చుట్టూ ఉన్న వేళ్లని మాత్రం విరిచి తియ్యాల్సి వచ్చింది.

తీసినా మేనల్లుడు లేవలేదు. మాస్టారు అలవాటుగా లెక్కపెట్టాడు. పది దాటిపోయింది.

ఇద్దర్నీ ఒకే ఆస్పత్రికి తీసుకెళ్లారు.

"తల లోపల రక్తం గడ్డకట్టింది. తీసేశాం, బతుకుతాడు" అన్నాడు డాక్టరు. "చెయ్యి ఎప్పుడు పడిపోయింది?"

"పడిపోలేదండీ, వాడే దించాడు. అదో ఎత్తు. నవ్వాడు కూడా."

"అది నవ్వు కాదు, మూతి వంకరపోయింది. చెయ్యి చచ్చుబడింది. ఆ తర్వాత ఇంకొక్క దెబ్బ పడుంటే మా దాకా వచ్చేవాడే కాదు. ఎవరో గానీ సమయానికి ఆపారు."

మాస్టారు తన పిడికిళ్ల వైపు చూసుకున్నాడు. తోలు లేచిపోయి ఉంది.

"మాతోపాటు తెచ్చిన పెద్దాయన... ఎలా ఉన్నారు?"

"పక్కటెముక ఊపిరితిత్తిలో దిగింది. ఇందాకే పోయారు. పోలీసులు మీకోసమే బయట ఉన్నారు."

కానిస్టేబులు మంచివాడు. కుర్రాడికి తెలివొచ్చేదాకా ఆగాడు. "ఒక్కసారి చూసుకుని రండి" అని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

మేనల్లుడి మాట ముద్దముద్దగా వచ్చింది.

"గొడుగాయన వచ్చారా మావయ్యా?"

"వచ్చారురా." మాస్టారు మంచం పక్కన కూర్చున్నాడు. "ఎవర్రా ఆయన? నీకేమవుతారు?"

"నాకేమీ కారు. నీకు చెప్పకుండా ఓసారి వాళ్లింటికెళ్లి కాళ్ల మీద పడ్డాను. తిట్టలేదు. 'ఆ రోజు నేను కుర్చీలోంచి లేవలేకపోయాను, ఇకనుంచి నీ ఆటకి వస్తుంటాను' అన్నారు."

"కాళ్ల మీద పడటమెందుకురా?"

"నువ్వు ఎవరి దగ్గర చూసి ఆ ఎత్తు నేర్చుకున్నావో, ఆ కుర్రాడు మర్నాడే చచ్చిపోయాడు మావయ్యా, ఈయన వాళ్ల నాన్న."