నడుము కాపలా

పెళ్లాం సన్నబడుతుంటే చెమటలు పట్టిన మొగుడు నంద్యాల మొత్తానికి ఆదినారాయణ ఒక్కడే.

కారణం ఇనప్పెట్టెలో ఉంది. రామేశ్వరమ్మకు వాళ్లమ్మ చేయించిన బంగారు వడ్డాణం ఆరేళ్ల కిందటే పేకాటలో హారతి కర్పూరమైపోయింది. దాని చోట రాగి వడ్డాణం ఒకటి గిల్టు పూతతో ధగధగలాడుతూ పడుకొని ఉంది. చేయించినప్పుడు ఆదినారాయణకు ఏ దిగులూ లేదు. ముగ్గురు పిల్లల తల్లి, నిండైన మనిషి. ఆ వడ్డాణం ఆమెకు పట్టే రోజు ఈ జన్మలో రాదు. దొంగ సొత్తుకు పెళ్లాం నడుమే కాపలా కాస్తోంది. అయినా జాగ్రత్తపరుడు, తాళంచెవి మొలతాడుకే కట్టుకొని తిరిగేవాడు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు నంద్యాలకు కొత్త డాక్టరు ఒకాయన వచ్చాడు. ఆయన వెంట ఆకలి చంపే మాత్రలు వచ్చాయి. పొద్దున ఒకటి మింగితే రాత్రి దాకా అన్నం గుర్తుకు రాదు. రామేశ్వరమ్మ కోడికూతకు ముందే లేచి అటక మీది ఇత్తడి బిందెలన్నీ దించి తోమేది. సంగటి ముద్ద ముందు పెడితే మొహం తిప్పుకొనేది. మూడు నెలల్లో రవికలన్నీ వదులయ్యాయి. వీధిలో ఆడవాళ్లు పని మానుకొని వచ్చి చూసిపోయారు.

"జ్యేష్ఠంలో మా అన్న కూతురి పెండ్లి గదా. ఈసారి వడ్డాణం పెట్టుకొనే ఆళ్లగడ్డలో దిగేది," అంది రామేశ్వరమ్మ మొగుడితో.

"ఎండాకాలంలో ఆ బరువెందుకే?"

"దాన్ని చేసిన వీరాచారి ఇంకా ఉండాడు. ఆయప్పకు చూపియ్యాల."

ఆ పూట ఆదినారాయణకు మాత్ర మింగకుండానే అన్నం సహించలేదు. ముసలి కంసాలి కన్ను ఒక పక్క, బావమరిది మద్దిలేటి చెయ్యి ఇంకో పక్క. మద్దిలేటికి మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. చెల్లెలి సొమ్ము మింగాడని తెలిస్తే పందిరి గుంజ పీకి మరీ కొడతాడు.

మరునాడే డాక్టరు దగ్గరి కాంపౌండరు సుందరరాజును కాఫీ హోటలుకు తీసుకుపోయాడు.

"మా ఇంటామె వస్తే మాత్రలు లేవని చెప్పాలప్పా."

"యాడికి పోయినాయంటే?"

"మద్రాసు నుంచి సరుకు రాల్యా అను."

సుందరరాజు కాఫీ తాగాడు, చేతిలో పెట్టింది జేబులో వేసుకున్నాడు, చెప్పమన్నది చెప్పాడు.

మాత్రలు ఆగిన నాలుగో నాడు ఆకలి తిరిగొచ్చింది. మూడు నెలలు గడప బయట నిలబెట్టిన చుట్టంలా వచ్చీ రావడంతోనే వంటింట్లో చతికిలబడింది. పెళ్లయిన పదిహేడేళ్లలో మూరెడు మల్లెపూలు తేని మొగుడు రోజూ సాయంత్రం బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీల పొట్లంతో ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ఆదివారం భక్ష్యాలు చేయించి, పైన నెయ్యి తానే పోసేవాడు. "తినవే, చిక్కిపోయినావు" అని ఆయన బతిమాలుతుంటే విని వీధి ఆడవాళ్లు తమ మొగుళ్లను తిట్టుకున్నారు.

నెలన్నర తిరిగేసరికి పోయిన ఒళ్లంతా వచ్చింది. వచ్చింది ఒంటరిగా రాలేదు, ఇంకో నాలుగు వేళ్ల నడుమును తోడు తెచ్చుకుంది. రామేశ్వరమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో భక్ష్యం తుంచుకుంది.

అప్పుడు ఆదినారాయణ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి దర్జాగా ఆమె చేతిలో పెట్టాడు.

"ఏడవగాకు. పెట్టుకొని చూస్కోపో, పడ్తాదేమో."

పట్టలేదు. జానెడు ఎడం. ఆయన లోపల గంతులేస్తూ పైకి నిట్టూర్చాడు. ఇక తాళంచెవితో పనేముంది? గోడ మేకుకు తగిలించి నిశ్చింతగా పేకాటకు పోయాడు.

పెళ్లి రోజు ఆళ్లగడ్డలో ఆదినారాయణ పెళ్లికొడుకు కంటే ఎక్కువ ముస్తాబయ్యాడు. సిల్కు జుబ్బాకు బంగారు గుండీలు, చేతికి కడియం, మెడలో తాతల నాటి ఐదు పేటల గొలుసు. ఇనప్పెట్టెలో ఉన్న తన సొమ్మును ఆయన ఏనాడూ పేకాటకు పట్టుకుపోలేదు. అది వంశం పరువు. అద్దంలో చూసుకుంటే గొలుసు కొత్తదానిలా మెరిసింది.

పందిట్లోకి రామేశ్వరమ్మ వచ్చింది. నడుముకు వడ్డాణం ఉంది. చీల చక్కగా పడింది.

ఆదినారాయణ వీరాచారి ఎక్కడున్నాడా అని పందిరంతా కళ్లతో వెతికాడు. ముసలి వీరాచారి లేచి వచ్చి, వడ్డాణాన్ని వేలితో తట్టి చూసి, తృప్తిగా తల ఊపి పోయి కూర్చున్నాడు. ముసలాయనకు చూపు ఆనడం లేదు కాబోలు. దేవుడున్నాడని ఆదినారాయణ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"అదెట్ల పట్టిందే?" అన్నాడు ఆమె పక్కన కూర్చోగానే, మెల్లగా.

"పట్టలేదని ఇడిసిపెడ్తానా? పోయిన నెల పెండ్లి పనులకని ఈడికి వచ్చినప్పుడు వీరాచారికి ఇచ్చినా, నాలుగు బిళ్లలు కలిపి పొడుగు చెయ్యమని. గీటురాయి మీద గీసి చూసి, ఇది రాగి గదమ్మా అన్నాడు."

ఆదినారాయణ చూపు బావమరిది మీదికి పోయింది. మద్దిలేటి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"మీ అన్నకు చెప్పినావా?"

"చెప్పల్యా. పెండ్లి ఇంట్లో కొట్లాట ఎందుకని కొత్తది చేపిచ్చినా. ఇది అచ్చ బంగారమే. నువ్వు పెట్టిన తిండికి నడుము ఇంత అయింది గదా, బంగారం శానా పట్టింది."

"అంత బంగారం యాడిదే?" కండువాతో మెడ తుడుచుకుంటూ అడిగాడు ఆదినారాయణ.

రామేశ్వరమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"గొలుసు కాడ గట్టిగా రుద్దగాకయ్యా, గిల్టు లేసిపోతాది."